అయిదో మాట మీదే

గుడ్ ఫ్రైడే ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మోగుతుంది. అవతల యూత్ సెక్రటరీ. "తమ్ముడూ, అయిదో మాట చెప్పాల్సిన అన్నకి రేపు డ్యూటీ పడిందంట. అయ్యగారు నీ పేరు చెప్పారు. పన్నెండుకల్లా వచ్చెయ్, తెల్లచొక్కా వేసుకో." మీరు ఊ అనేలోగా పెట్టేస్తాడు. అతను ఇంకా ముగ్గురికి ఫోన్లు చేసుకోవాలి.

ఈ అధ్యాయం ఆ రాత్రి కోసం రాస్తున్నాను. మన సంఘాల్లో చాలామంది యువతీ యువకులకు మొదటిసారి మైకు దొరికేది ఇలాగే, ఎవరో రాలేకపోతే. నాకూ అలాగే దొరికింది. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. ఆ రోజు చేసిన పొరపాట్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. కొన్ని కింద చెబుతాను కూడా.

ఆ రాత్రి పట్టే భయం సంగతి ముందే ఒక కథతో ముగిద్దాం. ఇంగ్లండులో కేంబ్రిడ్జి పక్కన టెవర్షాం అనే పల్లె ఉంది. అక్కడి ఒక చిన్న ఇంట్లో జరిగే కూటానికి వెళ్ళమని చార్లెస్ స్పర్జన్‌కి ఒక పెద్దాయన చెప్పాడు. అప్పటికి స్పర్జన్‌కి పదహారేళ్ళు. అలవాటు లేని కుర్రాడొకడు మాట్లాడబోతున్నాడు, తోడుగా వెళ్తే బాగుంటుందన్నాడు పెద్దాయన. దారిలో స్పర్జన్ పక్కనున్న అతనితో, నీ ప్రసంగాన్ని దేవుడు దీవించాలి అన్నాడు. అతను ఉలిక్కిపడ్డాడు. నేనా? మాట్లాడేది నువ్వు కదా, నేను తోడొచ్చాను అన్నాడు. ఇద్దరినీ అలా బయల్దేరదీశాడు ఆ పెద్దాయన. స్పర్జన్ నడుస్తూనే ఆలోచించుకుని, వెళ్ళి మాట్లాడాడు. ఏడేళ్ళ తర్వాత, 1857లో, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన ఎదుట 23,654 మంది కూర్చున్నారు. మైకు లేని కాలం అది.

అందరం స్పర్జన్‌లం అవుతామని ఈ కథ చెప్పడం లేదు. పెద్దాయన పన్నిన ఆ చిన్న పన్నాగాన్ని మాత్రం గుర్తుంచుకోండి. చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

పదిహేను నిమిషాల లెక్క

సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన మనకు చిన్నప్పటినుంచీ అలవాటు కనుక దాని లెక్క ఎప్పుడూ వేసి ఉండం. 1600ల చివర్లో పెరూ దేశపు లిమా నగరంలో ఒక జెసూట్ ఫాదరు మొదలుపెట్టిన మూడు గంటల ధ్యానం సముద్రాలు దాటి మన రేకుల షెడ్డు చర్చిల దాకా వచ్చింది. పన్నెండు నుంచి మూడు దాకా 180 నిమిషాలు. ఏడుగురు. తలా పాతిక నిమిషాలు. అందులో కీర్తన, వాక్యం చదవడం, ప్రార్థన, మైకు స్టాండు ఎత్తు సరిచేయడం తీసేస్తే మీకు మిగిలేది పన్నెండు, మహా అయితే పదిహేను.

అదైనా కాగితం మీదే. మొదటి మాట పెద్దలకిస్తారు. ఆయన క్షమాపణ గురించి నలభై నిమిషాలు చెబుతారు. రెండో మాటవారు పరదైసు చూపించి అరగంటకు దిగుతారు. మీ వంతు వచ్చేసరికి రెండున్నర అవుతుంది, కార్యదర్శి గడియారం చూపిస్తూ రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తాడు. అందుకని అయిదో మాట వచ్చినవాడు రెండు ప్రసంగాలు తయారుచేసుకోవాలి: పన్నెండు నిమిషాలది ఒకటి, నాలుగు నిమిషాలది ఒకటి. పెద్దదాన్ని గబగబా చదివితే చిన్నది అయిపోదు. చిన్నది వేరే. దానికి ఒక సంగతి, ఒక ఉదాహరణ, ఒక ముగింపు చాలు.

రాత్రి పదింటికి కూర్చుని ఏం చేయాలి? ముందు యూట్యూబ్ తెరవకండి. తెరిస్తే "అయిదవ మాట" అని వందల ప్రసంగాలు వస్తాయి. పదకొండున్నర దాకా వింటారు. తెల్లారి మీ నోట్లోంచి వాటి ముక్కలే వస్తాయి, వాళ్ళ దగ్గుతో సహా. బైబిలు తెరవండి. యేసు దాహమన్న ఆ అయిదో మాట నాలుగు సువార్తల్లో ఒక్క యోహానులోనే ఉంది. ఈ ఒక్క సంగతి గమనిస్తే సగం తయారీ అయినట్టే, ఎందుకంటే యోహాను సువార్త మొదటినుంచీ నీళ్ళతో నిండి ఉంటుంది. కానాలో ఆరు రాతిబానలు, సుఖారు బావి, బేతెస్ద కోనేరు, పండుగ చివరి రోజున దప్పిక గురించి ఆయన కేకవేసి చెప్పిన మాట. అంత నీళ్ళ సువార్తలో చివరికి దాహమన్నది ఆయనే.

ఇక్కడే కొత్తవాళ్ళు పొరబడతారు. నాలుగూ బాగున్నాయి కదా అని నాలుగూ చెబుతారు. ఒకటి తీసుకోండి, మిగతావి వచ్చే ఏడాదికి ఉంచండి. నేనైతే సుఖారు బావి తీసుకుంటాను. ఎందుకో చెబుతాను. ఆ మధ్యాహ్నం సమరయ స్త్రీ ఆశ్చర్యపోయింది నీళ్ళ సంగతికి కాదు, అడిగిన మనిషి ఎవరన్నదానికి. తన కులపు చేతి నీళ్ళు తాగనివాళ్ళలో పుట్టినవాడు తనను నీళ్ళడిగాడు. మన చర్చిల్లో కూర్చున్న అమ్మమ్మలకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఊరి బావి దగ్గర దోసిలి పట్టుకుని దూరంగా నిలబడి, పైనుంచి ఎవరో పోస్తే తాగినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. 1985 జులైలో కారంచేడులో దళితుల మీద జరిగిన దాడికి మొదలు తాగునీటి చెరువు దగ్గర లేచిన గొడవే. ప్రాణాలు అరచేత పట్టుకుని వాళ్ళు తలదాచుకున్నది చీరాలలో. ఆ చుట్టుపక్కల సంఘాల్లో దాహం అన్న మాట పలికేముందు పలికేవాడికి ఇది తెలిసి ఉండాలి. నల్గొండ వైపు అయితే ఫ్లోరైడు నీళ్ళకు వంగిపోయిన కాళ్ళు ముందు వరసలోనే కూర్చుని ఉండవచ్చు. ఎదురుగా ఉన్నవాళ్ళ దాహం ఎలాంటిదో తెలియకుండా చెప్పే ప్రసంగం ఏ ఊళ్ళోనైనా ఒకేలా ఉంటుంది, విన్న మర్నాటికి ఏ ఊళ్ళోనూ మిగలదు.

సంగతి ఎన్నుకున్నాక దాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. మీ అమ్మకు ఫోనులో చెప్పగలిగేంత వాక్యం. "అమ్మా, రేపు నేను ఏం చెబుతానంటే..." అని మొదలుపెడితే ఆ వాక్యం ఊపిరి తిప్పుకోకుండా పూర్తవాలి. పూర్తవకపోతే మీ దగ్గర ఇంకా రెండు సంగతులున్నాయన్నమాట.

పూర్తిగా రాసుకోవాలా, పాయింట్లు చాలా? మొదటి అయిదారుసార్లు పూర్తిగా రాయండి. రాసినదాన్ని వాచీ పెట్టుకుని గట్టిగా చదవండి. మనసులో చదివితే అన్ని ప్రసంగాలూ అయిదు నిమిషాలే. తర్వాత ఆ కాగితాలు ఇంట్లో వదిలి, ఒక చిన్న చీటీ మీద మొదటి వాక్యం, చివరి వాక్యం, మధ్యలో నాలుగు మాటలు రాసుకుని వెళ్ళండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం పొల్లు పోకుండా కంఠతా వచ్చి ఉండాలి. మనిషి తడబడేది ఆ రెండుచోట్లే.

నీళ్ళ సీసా

నా మొదటి అయిదో మాట రోజున ఏప్రిల్ ఎండ రేకుల్లోంచి దిగుతోంది. కరెంటు పోయింది. మైకుకి ఇన్వర్టరు ఉంది, ఫ్యాన్లకు లేదు. జనంలో సగం మంది ఉపవాసం. నేను పుల్పిట్ ఎక్కి, ప్రభువు దాహం గురించి మూడు నిమిషాలు మాట్లాడి, గొంతు ఎండిపోతే, పక్కనున్న మినరల్ వాటర్ సీసా మూత తీసి గటగటా తాగాను. మైకు నోటి దగ్గరే ఉంది. ఆ గుటకలు ఊరంతా విన్నది. ముందు వరసలో ఒక పిల్లాడు వాళ్ళమ్మ కొంగు లాగి "అమ్మా, నీళ్ళు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

సీసా పెట్టుకోవద్దని కాదు. ఎక్కబోయే ముందు వెనక నిలబడి రెండు గుక్కలు తాగండి. వేదిక మీద మీ ఒంటి ప్రతి కదలికా మాటగానే లెక్క. స్టూడియోలో కెమెరా ముందు మాట్లాడినట్టు అద్దం ముందు సాధన చేస్తే ఇది తెలియదు. ముందురోజు సాయంత్రం ఖాళీ చర్చికి వెళ్ళి, పుల్పిట్ ఎక్కి, చివరి చాప మీద మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడితే తెలుస్తుంది. గురువారం రాత్రి ఫోను వచ్చినవాళ్ళకు ఆ వీలుండదు కనుక పదకొండున్నరకే వెళ్ళండి. స్పర్జన్ కూడా క్రిస్టల్ ప్యాలెస్‌లో మాట్లాడేముందు ఖాళీ హాలుకి వెళ్ళి, ఒక వాక్యం గట్టిగా పలికి గొంతు ఎంతదూరం పోతుందో చూసుకున్నాడు. పైన ఎక్కడో పనిచేస్తున్న కార్మికుడు ఆ వాక్యం విని కదిలిపోయాడని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. సౌండు పరీక్షకు "హలో హలో, వన్ టూ త్రీ" అనే బదులు ఒక మంచి మాట అంటే పోయేదేమీ లేదు.

మైకు గురించి రెండు ముక్కలు. నోటికి జానెడు కంటే తక్కువ దూరంలో, కాస్త పక్కకు వంచి పట్టుకోండి. తల తిప్పితే మైకూ తిరగాలి. కీచుమంటే మైకుని చేత్తో మూయకండి, ఇంకా అరుస్తుంది. స్పీకరు పెట్టెకు దూరంగా జరగండి. మైకు సెట్ అబ్బాయి పేరు ముందే కనుక్కుని ఉంటే సగం కష్టాలు తీరతాయి. "సౌండు పెంచు బాబూ" అని వేదిక మీంచి అనడం కన్నా పేరు పెట్టి పిలిస్తే పని త్వరగా అవుతుంది, అతనికీ గౌరవంగా ఉంటుంది.

గొంతు చించుకోవడం మన యువ ప్రసంగికులకు వచ్చిన పెద్ద జబ్బు. టీవీ సేవకులను చూసి నేర్చుకున్నది. గొంతు బొంగురు పోతేనే అభిషేకం అనుకునే కుర్రాళ్ళు ఉన్నారు. చెమట లేకపోయినా జేబురుమాలు తీస్తారు. మీకు దేవుడిచ్చిన గొంతు ఒకటుండగా ఇంకొకరిది అరువు తెచ్చుకోవడం ఎందుకు? గొంతులోంచి కాకుండా పొట్టలోంచి ఊపిరి వదులుతూ మాట్లాడితే గంటసేపైనా బొంగురు పోదు. కీర్తన పాడేటప్పుడు ఊపిరి ఎక్కణ్ణుంచి తీస్తారో మాటకూ అక్కణ్ణుంచే తీయండి. గాయకబృందంలో ఉన్నవాళ్ళకు ఇది చెప్పకుండానే వస్తుంది.

ఇంకో జబ్బు ఉంది, దీన్ని ఎత్తిచూపితే కొందరికి కోపం వస్తుంది. "హల్లెలూయా", "దేవునికి స్తోత్రం", "ఆమేనా?" అన్నవి ఆరాధనలో పలికే మాటలు. వాటిని మనం తర్వాతి వాక్యం గుర్తురాని చోట అతుకు వేసుకునే గుడ్డముక్కలుగా వాడుతున్నాం. నా ప్రసంగం మొదటిసారి రికార్డు చేసుకుని విన్నప్పుడు పదకొండు నిమిషాల్లో ముప్ఫై ఎనిమిది లెక్కపెట్టాను. అందులో మనసారా అన్నవి ఎన్ని ఉంటాయో నాకు తెలుసు, దేవుడికి తెలుసు. మరిచిపోయిన చోట ఊరుకోండి. రెండు సెకన్లు మౌనంగా నిలబడండి. మీకు అది యుగంలా ఉంటుంది, వినేవాళ్ళకు మీరు ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

భాష కూడా. మన తెలుగు బైబిలుది గ్రాంథికం. చదివేటప్పుడు ఉన్నదున్నట్టు, ప్రతి అక్షరం విడమర్చి చదవండి. ఆ భాషకు ఒక నడక ఉంది, దాన్ని చెడగొట్టవద్దు. చదివి బైబిలు మూశాక మాత్రం మీ ఇంటి తెలుగులోకి వచ్చేయండి. ఇంజనీరింగ్ మూడో ఏడు కుర్రాడు "గనుక ప్రియులారా, ఆలాగుననే మనమును" అని ఎత్తుకుంటే అతని క్లాస్‌మేట్లు వెనక్కి తిరిగి నవ్వుకుంటారు. హైదరాబాదు కుర్రాళ్ళ కూటంలో ఇంకో చివర ఉంటుంది, ప్రతి వాక్యంలో నాలుగు ఇంగ్లీషు మాటలు. అక్కడ ఆ పిల్లలకు ఫర్వాలేదు, కానీ గుడ్ ఫ్రైడే నాడు వాళ్ళ నాయనమ్మ కూడా వస్తుంది.

టైం అయిపోతే ఆపండి. అపొస్తలుల కార్యాల్లో పౌలు త్రోయలో అర్ధరాత్రి దాకా మాట్లాడితే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపట్టి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు కిందకు వెళ్ళి కౌగిలించుకుంటే బతికాడు. యువజన కూటాల్లో ప్రసంగం పొడిగించే ప్రతివాళ్ళూ తమను పౌలుతో పోల్చుకుంటారు కానీ, ఆ రెండో సగం చేయగలరో లేదో ఆలోచించరు.

తర్జుమా

అయిదో మాట కన్నా ముందే కొందరికి ఇంకో దారిలో మైకు దొరుకుతుంది. బయటి దేశం నుంచో, కేరళ నుంచో ఒక సేవకుడు వస్తాడు. "నీకు ఇంగ్లీషు బాగా వచ్చుగా, తర్జుమా చెయ్" అంటారు. దీన్ని చిన్నచూపు చూడకండి. హైదరాబాదు హెబ్రోనులో ఉండి తెలుగునేల మీద ఇన్ని సంఘాలను కదిలించిన బక్త్ సింగ్ పుట్టింది పంజాబులో. పల్లెల్లోని తెలుగువాళ్ళు ఆయన మాటలను విన్నది ఎక్కువగా పక్కన నిలబడ్డ తర్జుమాదారుల నోటే. ఆ పక్కన నిలబడ్డవాళ్ళలో ఎందరో తర్వాత మంచి ప్రసంగికులయ్యారంటే ఆశ్చర్యమేముంది? ఒక నిపుణుడి ప్రసంగాన్ని వాక్యం వాక్యం నోట్లో వేసుకుని నమిలినట్టు కదా అది.

పనిలో దిగేముందు ఆ వచ్చిన సేవకుడితో అయిదు నిమిషాలు కూర్చోండి. ఏ వాక్యభాగాలు చదువుతారో అడిగి మీ తెలుగు బైబిల్లో చీటీలు పెట్టుకోండి. వాక్యాన్ని అప్పటికప్పుడు తర్జుమా చేయకూడదు, తెలుగు బైబిల్లోంచే చదవాలి. జనానికి ఆ వాక్యం ఎప్పుడో వచ్చు, మీరు మార్చి చెబితే వెంటనే చెవికి తగులుతుంది. అంకెలు, ఊళ్ళ పేర్లు చీటీ మీద రాసుకోండి. ఆయన "నేను" అంటే మీరూ "నేను" అనండి. "ఆయన ఏమంటున్నారంటే" అని ప్రతిసారీ అంటే వినేవాళ్ళకు ఇద్దరు మనుషులు అడ్డం నిలబడినట్టుంటుంది. ఆయన ముఖం చూస్తూ నిలబడకండి, చెవి ఆయనకిచ్చి కళ్ళు జనానికివ్వండి.

ఒకసారి అమెరికా నుంచి వచ్చిన ఒకాయన గోదావరి జిల్లా పల్లెలో బేస్‌బాల్ పోలిక తెచ్చి, హోం రన్ కొట్టడం గురించి చెప్పాడు. నాకు ఆలోచించే టైం లేదు. "సిక్సర్ కొట్టినట్టు" అన్నాను. కుర్రాళ్ళంతా చప్పట్లు కొట్టారు, ఆయన సంతోషపడ్డాడు, నేను గట్టెక్కాను. కూటం అయ్యాక సంఘ పెద్ద ఒకాయన దగ్గరకొచ్చి, "వాళ్ళ దేశంలోనూ మన క్రికెట్టే ఆడతారా బాబూ?" అని ఎంతో ఆసక్తిగా అడిగాడు. నేను తప్పు చేశానో ఒప్పు చేశానో ఇప్పటికీ తేల్చుకోలేదు. అర్థం చేరింది. ఒక చిన్న అబద్ధం కూడా చేరింది.

మైకు ఎవరి చేతికి వెళ్ళాలి

ఇప్పటిదాకా చెప్పింది మాట్లాడటం గురించి. నాయకత్వం అన్నది ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. మీ యువజన కూటంలో ముప్ఫై మంది ఉన్నారనుకుందాం. గత ఆరు నెలల్లో మైకు పట్టుకున్నవాళ్ళ పేర్లు రాయండి. నలుగురో అయిదుగురో తేలతారు. పాట ఒకరు, ప్రార్థన ఒకరు, ప్రకటనలు ఒకరు, వాక్యం ఒకరు, ఎప్పుడూ ఆ ఒకరే. ఆ నలుగురిలో మీరూ ఉంటే సంతోషించాల్సింది ఏమీ లేదు.

1881 ఫిబ్రవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ పట్టణంలో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన సంఘపు యువతతో క్రిస్టియన్ ఎండెవర్ అనే సంఘం పెట్టాడు. మన లూథరన్, బాప్టిస్టు ఊళ్ళలో పెద్దవాళ్ళు "సి.ఇ." అంటుంటారే, అది ఇదే. దాని ప్రమాణంలో ఒక షరతుంది: సభ్యులైన ప్రతివాళ్ళూ ప్రతి కూటంలో ఏదో ఒక పాలు పంచుకోవాలి, పాట పాడటం ఆ లెక్కలోకి రాదు. ఆ చివరి ముక్క రాసినవాడికి యువత మనస్తత్వం బాగా తెలుసు. గుంపులో పాడేసి చేయి దులుపుకునే సౌకర్యం తీసేశాడు.

ఈ రోజు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు సాయంత్రాలు చేరే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల మూలం కూడా ఇలాంటి చోటే ఉంది. రాల్ఫ్ స్మెడ్లీ అనే వై.ఎం.సి.ఎ. ఉద్యోగి తన దగ్గరకు వచ్చే కుర్రాళ్ళకు నలుగురిలో మాట్లాడటం, కూటం నడపడం రావడం లేదని గమనించి 1905లో ఆ ప్రయోగం మొదలుపెట్టాడు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా వై.ఎం.సి.ఎ. భవనం నేలమాళిగలో అది నిలదొక్కుకుంది. డేల్ కార్నెగీ 1912లో తన మొదటి ఉపన్యాస తరగతి నడిపింది న్యూయార్కు వై.ఎం.సి.ఎ.లో. పాఠం మధ్యలోనే అయిపోయి ఏం చెప్పాలో తోచక, మీకు కోపం తెప్పించిన సంగతి ఒకటి లేచి చెప్పండి అన్నాడట. కుర్రాళ్ళు భయం మరిచి మాట్లాడారు. క్రైస్తవ యువకుల గదుల్లో పుట్టిన విద్యకు ఇప్పుడు మనం బయట ఫీజు కట్టి చేరుతున్నాం. వరసగా అందరూ మాట్లాడటం, టైం చూడటానికి ఒకరు, తప్పొప్పులు చెప్పడానికి ఒకరు. ఇంతే ఆ పద్ధతి. శనివారం సాయంత్రం మీ చర్చి వరండాలో, ఉచితంగా, మొదలుపెట్టవచ్చు.

వై.ఎం.సి.ఎ. నుంచి మన దగ్గరకు వచ్చినవాడు ఇంకొకాయన ఉన్నాడు. తిరునల్వేలి తమిళుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1895 నుంచి ఆ సంస్థలో కార్యదర్శిగా కుర్రాళ్ళ మధ్య తిరిగాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగినప్పుడు, దాదాపు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది. ముప్ఫై అయిదేళ్ళ అజరయ్య లేచి, మిషనరీలకూ భారతీయ పనివాళ్ళకూ మధ్య ఉన్న దూరం గురించి వాళ్ళ ముఖం మీదే చెప్పాడు. త్యాగాన్ని మెచ్చుకున్నాడు, డబ్బు సాయాన్ని కాదనలేదు, చివర అడిగింది మాత్రం స్నేహితులను. కొందరు నొచ్చుకున్నారు. నూరేళ్ళు దాటినా ఆ సభ ప్రస్తావన వస్తే ముందు గుర్తొచ్చేది ఆ కోరికే. ప్రసంగమంతా ఒక్క కోరిక మీద నిలబెట్టడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

అయితే నాకు అంతకన్నా నచ్చేది ఆయన ఆ తర్వాత చేసిన పని. 1912లో డోర్నకల్ మొదటి బిషప్పయ్యాడు. అంతటి వక్త, పల్లెల్లో తానే మాట్లాడుతూ కూర్చోలేదు. బాప్తిస్మం పొందిన పాలేర్ల చేత, కూలి తల్లుల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను ఎవరి నోటితో వాళ్ళను అనిపించేవాడు. చదువురాని మనిషి సంఘంలో నిలబడి తన నోటితో ఒక వాక్యం పలకడం అప్పటికి ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

మీ ముప్ఫై మందికీ మైకు చేర్చడం ఎలా? బెరుకు ఉన్న పిల్లకు ఒక్కసారిగా వర్తమానం ఇస్తే బిగుసుకుపోతుంది. వాక్యం చదవమనండి. మన కూటాల్లో అందరికన్నా నిర్లక్ష్యంగా జరిగే పని అదే, తయారు కాకుండా లేచి చదివేస్తారు. వారం ముందు చెప్పి, మూడుసార్లు గట్టిగా చదువుకుని రమ్మనండి. తర్వాత ప్రకటనలు, తర్వాత రెండు నిమిషాల సాక్ష్యం. ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చూడాలి. చాలా సంఘాల్లో వాళ్ళు పాటలో ముందు, మాటలో వెనక. స్త్రీల మైత్రిలో చేరే వయసు వచ్చేదాకా మైకు ముట్టనివ్వరు. మీ ప్రణాళిక కాగితంలో ప్రతి రెండో పేరూ అమ్మాయిది ఉండేలా రాయండి, ఎవరైనా అడిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

తప్పు దిద్దడం ఒక విద్య. అపొల్లో మంచి వక్త, లేఖనాలు బాగా తెలిసినవాడు, కానీ అతనికి తెలిసింది సగమే. ఎఫెసు సమాజమందిరంలో అతని మాట విన్న అకుల, ప్రిస్కిల్ల అక్కడే లేచి సరిచేయలేదు. అతన్ని చేర్చుకుని, విడిగా విడమర్చి చెప్పారు. మన దగ్గర ప్రసంగించినవాడు దిగీ దిగకముందే కొందరు మైకు తీసుకుని "తమ్ముడు చెప్పినదానికి ఒక చిన్న సవరణ" అంటారు. ఆ తమ్ముడు మళ్ళీ పుల్పిట్ ఎక్కడు. టీ తాగించండి. ముందు బాగున్నది ఒకటి చెప్పండి, అబద్ధం కాకుండా. ఆ తర్వాత మార్చుకోవాల్సింది ఒకటే చెప్పండి. అయిదు కనిపించినా ఒకటే.

సాక్ష్యాల విషయంలో ఒకటి కాస్త గట్టిగానే చెప్పాలి. యువజన నాయకుడికి పిల్లలు ప్రార్థన కోసమని ఎన్నో చెప్పుకుంటారు. నాన్న తాగుడు, అప్పులు, ప్రేమ, చచ్చిపోవాలనిపించడం. ఆ సంగతులు మీ ప్రసంగానికి ఉదాహరణలు కావు. పేరు చెప్పకపోయినా ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది, పైగా ఇప్పుడు కూటమంతా ఫేస్‌బుక్ లైవ్‌లో పోతోంది. ఒక పిల్ల చెప్పుకున్న బాధ ఒకసారి మైకులో వినబడిందంటే, మిగతా ఇరవై తొమ్మిది మందీ మీకు ఇంకేమీ చెప్పరు. చచ్చిపోవాలని ఉందన్న పిల్లకు ప్రార్థనతో పాటు డాక్టరూ, నమ్మకమైన పెద్ద ఒకరూ వెంటనే కావాలి, అది దాచాల్సిన రహస్యాల్లోకి రాదు. అలాగే సాక్ష్యం చెప్పేవాళ్ళ పాత పాపాలు ఏటేటా పెరుగుతుంటాయి. వాళ్ళను నిరుత్సాహపరచకుండానే, "ఈసారి ఇప్పుడెలా ఉన్నావో చెప్పు" అనండి.

డబ్బు గురించి రెండే వాక్యాలు. డిసెంబరు కేరల్ రౌండ్స్‌లో వచ్చిన మొత్తం, ఖర్చులు, మిగులు జనవరి మొదటి ఆదివారమే మైకులో చదివేయండి. నేను విన్న యువజన ప్రసంగాల్లో జనం చెవులు రిక్కించి విన్నది అదే.

మైకు అందరికీ చేరాలన్న సంగతికే మళ్ళీ వస్తే, నెహెమ్యా గ్రంథంలో ఎజ్రా కొయ్యపీఠం ఎక్కి ధర్మశాస్త్రం చదివిన సన్నివేశం గుర్తుందా? అతని కుడిపక్కన ఆరుగురు, ఎడమపక్కన ఏడుగురు నిలబడ్డారు. జనానికి అర్థం చెప్పిన లేవీయులు వేరే. రాసినవాడు వాళ్ళందరి పేర్లూ రాశాడు, మనం చదివేటప్పుడు దాటేస్తాం.

శుక్రవారం మీ అయిదో మాట అయిపోయి దిగాక గుమ్మం దగ్గర నిలబడి "బాగా చెప్పావు బాబూ" కోసం ఎదురుచూడకండి. చాపలు చుట్టాలి, కుర్చీలు పేర్చాలి. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఈస్టర్ కూటం ఉంది. యోహాను ఇరవయ్యో అధ్యాయం ఎవరు చదవాలో ఇంకా ఖాయం కాలేదు, సెక్రటరీ మీ వైపే చూస్తాడు. వెనక స్తంభం దగ్గర, ఎప్పుడూ పాటల పుస్తకం సరిగ్గా ఆ పేజీకే తెరిచి పక్కవాళ్ళకు ఇచ్చే అమ్మాయి ఒకతె కూర్చుంటుంది కదా, ఆమె దగ్గరకు వెళ్ళండి. కావాలంటే టెవర్షాం పెద్దాయనలా తోడు రమ్మని అడగండి. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను చేయకండి. ఇప్పుడే, చాప చుట్టుతూనే అడగండి. ఆ అధ్యాయంలో ఖాళీ సమాధి దగ్గర్నుంచి కబురు మోసుకెళ్ళింది మగ్దలేనే మరియ అని ఆమెకు మీరు చెప్పక్కర్లేదు, మూడుసార్లు చదువుకుంటే తెలుస్తుంది.